పసుపు అంబాసిడర్ పక్కన కాలేజీ పిల్లలు: కోల్‌కతాలో నలుపు తెలుపు ఫోటోలు

మీరు అడిగింది ఇదీ: శ్రీపంచమికి ఫలక్‌నుమాలో హౌరా వెళ్తున్నారు. పాత పసుపు టాక్సీలు, వాటి చుట్టూ తిరిగే కుర్రకారు మీద నలుపు తెలుపు ఫోటోల వరస ఒకటి చేయాలని మీ కోరిక. చేతిలో క్రాప్ సెన్సర్ (ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్న సెన్సర్) కెమెరా, 23 మి.మీ. లెన్స్ ఉన్నాయి. కిందటిసారి తీసినవాటిలో టాక్సీ, మనుషులు, వెనక గోడ అన్నీ ఒకే బూడిదరంగులో కలిసిపోయాయి. కాంట్రాస్ట్ పెంచితే మొహాలు నల్లబడ్డాయి. తప్పు ఎక్కడ?

తప్పు ఎడిటింగ్‌లో లేదు. షట్టర్ నొక్కే ముందే జరిగింది. రంగు తీసేశాక ఏది తెల్లగా మిగులుతుంది, ఏది నల్లగా మిగులుతుంది అన్న లెక్క వీధిలోనే వేసుకోవాలి. దానికంటే ముందు ఇంకో లెక్క ఉంది, చాలామంది పట్టించుకోనిది.

కోల్‌కతాలో 15 ఏళ్లు దాటిన వాణిజ్య వాహనాలు తిరగకూడదని 2008లో హైకోర్టు ఆదేశం వచ్చింది. ఉత్తర్‌పాడాలోని హిందుస్థాన్ మోటార్స్ కర్మాగారంలో అంబాసిడర్ తయారీ 2014 మే నెలలో ఆగిపోయింది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఇవాళ ఆ లెక్క ప్రకారం తిరిగే టాక్సీ 2010 తర్వాత పుట్టిందే అయ్యుండాలి. దాన్ని ఆనుకుని నిలబడ్డ డిగ్రీ విద్యార్థి అంతకు ముందే పుట్టాడు. అంటే మీ ఫోటోలో 'పాతది' వయసులో చిన్నది! అది పాతగా కనిపించేది ఒంటి తీరు వల్లే. 1950ల మోరిస్ ఆక్స్‌ఫర్డ్ ఆకారం, గుండ్రటి హెడ్‌లైట్లు, ఉబ్బిన మడ్‌గార్డ్, లావుపాటి క్రోమ్ బంపర్. దానికి తోడు రోజంతా తిరిగి తిరిగి పడ్డ సొట్టలు, పుట్టీ పెట్టి పైపైన పూసిన రంగు, తలుపు హ్యాండిల్ చుట్టూ వేళ్లు అరగదీసిన మచ్చ. పాతదనం ఈ రెండు చోట్లే ఉంది కాబట్టి కెమెరా కూడా ఈ రెంటి మీదే ఉండాలి. కారు మొత్తాన్ని ఫ్రేములో ఇరికించాలన్న పట్టుదల వదిలేయండి. ఒక హెడ్‌లైటు, మడ్‌గార్డ్ వంపు ఉంటే చాలు, మన దేశంలో ఎవరైనా అంబాసిడర్ అని గుర్తుపడతారు.

పట్టుదల వదలమనడానికి కొలతలు కూడా కారణమే. అంబాసిడర్ పొడవు దాదాపు 4.3 మీటర్లు. మీ 23 మి.మీ. లెన్స్‌కు ఎంత దూరంలో నిలబడితే ఇంచుమించు అంతే వెడల్పు ఫ్రేములో పడుతుంది. కారుకు అటూ ఇటూ అర మీటరు వదిలితే 5.3 మీటర్లు వెనక్కి జరగాలి. శోభాబజార్, కుమార్‌టులీ వైపు సందుల్లో అంత జాగా ఉండదు, ఉన్నా మధ్యలో ఏ రిక్షానో వస్తుంది. అదే 2.5 మీటర్ల దూరంలో నిలబడితే ఫ్రేము వెడల్పు రెండున్నర మీటర్లు, ఎత్తు 1.7 మీటర్లు. కారు ముందు సగం, పక్కన ఒకరో ఇద్దరో సరిగ్గా పడతారు. ఈ వరసకు అదే మీ అసలు దూరం అనుకోండి.

ఫోకస్ కూడా ఆ దూరానికే కట్టేయండి. మాన్యువల్‌లో 2.5 మీటర్లకు పెట్టి, అపర్చర్ ఎఫ్/8లో ఉంచితే సుమారు 1.4 మీటర్ల నుంచి 10 మీటర్ల దాకా స్పష్టంగా వస్తుంది. ఇక ఆటోఫోకస్ అక్కర్లేదు. అంబాసిడర్ గ్రిల్, క్రోమ్ మెరుపు ఆటోఫోకస్‌ను పదే పదే తమవైపు లాగేస్తాయి, మనిషి మొహం మెత్తబడుతుంది. షట్టర్ నిలబడ్డవాళ్లకు 1/250, నడిచేవాళ్లకు, పరిగెత్తేవాళ్లకు 1/500. ఐఎస్ఓను ఆటోలో పెట్టి 6400 దాకా హద్దు ఇవ్వండి. నలుపు తెలుపులో ఆ నాయిస్ ఇబ్బంది పెట్టదు, కదిలి చెదిరిన మొహం మాత్రం పనికిరాదు.

ఇప్పుడు ఎత్తు సంగతి. అంబాసిడర్ కప్పు నేలనుంచి 1.6 మీటర్లు. మామూలు ఎత్తున్న మనిషి నిలబడి కెమెరా కంటికి ఆనిస్తే లెన్స్ కూడా దాదాపు అంతే ఎత్తులో ఉంటుంది. అప్పుడు కప్పు అంచు దిగంత రేఖతో కలిసిపోతుంది. కారు వెనక ఎవరు నిలబడ్డా, దగ్గరున్నా దూరంగా ఉన్నా, ఆ గీత వాళ్లను 1.6 మీటర్ల దగ్గరే కోస్తుంది. కొందరికి సరిగ్గా కళ్ల మీద, ఇంకొందరికి నుదుటి మీద. కారు వెనక జనం ఉన్న ఫోటోలన్నీ తలలు తెగినట్టు ఉండటానికి కారణం ఇదే, కూర్పు తెలియక కాదు. కెమెరా కిందికి దించితే వెనకవాళ్లు పూర్తిగా మాయమవుతారు. పైకి లేపితే బయటికొస్తారు.

పైకి లేపడానికి కోల్‌కతాలో మంచి వసతి ఉంది. ఉత్తర కోల్‌కతా పాత ఇళ్ల ముందు 'రొవాక్' అని ఉంటుంది, మన అరుగు లాంటిదే. పేటలోని కుర్రాళ్లు సాయంత్రాలు కబుర్లు చెప్పుకునేది దాని మీదే. ఆ అరుగెక్కితే కెమెరా రెండు మీటర్ల ఎత్తుకు వస్తుంది. టాక్సీ కప్పు పైనుంచి అవతల నడిచేవాళ్ల భుజాలు, మొహాలు దొరుకుతాయి. కప్పు మీద ఆకాశపు వెలుగు పరుచుకుని లేత బూడిదరంగులో పెద్ద ఖాళీ స్థలంలా కూడా పనికొస్తుంది. బానెట్ వెనక నిలబడ్డవాళ్లతో ఈ చిక్కు లేదు. అక్కడ కారు మీటరు ఎత్తే ఉంటుంది, నడుము పైభాగం అంతా కనిపిస్తుంది.

మనిషి కారుకు ఇవతల, మీ వైపు ఉంటే లెక్క తిరగబడుతుంది. అప్పుడు కెమెరాను నడుము ఎత్తుకు, అంటే మీటరుకు దించండి. తల కప్పుకంటే పైకి లేచి వెనక గోడ మీదో ఆకాశం మీదో పడుతుంది. నల్లటి జుట్టుకు లేత వెనకతలం దొరుకుతుంది. వెనకకు తిప్పే స్క్రీన్ ఉంటే వాడండి. లెన్స్‌ను మాత్రం పైకి ఎత్తి పట్టకండి. వంగిన గోడలతో పాటు కారు కూడా వెనక్కి ఒరిగినట్టు వస్తుంది.

ఇక రంగుల లెక్క. మీ కిందటి ఫోటోలు చెడింది ఇక్కడే.

టాక్సీ పసుపు ప్రకాశవంతమైన రంగు. మామూలుగా నలుపు తెలుపులోకి మారిస్తే మధ్యస్థ బూడిదకంటే ఒక మెట్టు తెల్లగా వస్తుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో రంగును విడిగా తెల్లబరిచే, నల్లబరిచే స్లైడర్లు ఉంటాయి. పసుపు స్లైడర్‌తో దాన్ని తెల్లటి పాలలానూ చేయొచ్చు, బొగ్గులానూ చేయొచ్చు. ఈ వెసులుబాటు నల్ల కారుకో తెల్ల కారుకో ఉండదు. కానీ మన చర్మం రంగు నారింజ స్లైడర్‌లో ఉంటుంది, పసుపుకు పక్కింటిది. నీడలోనో మబ్బుపట్టిన వేళో టాక్సీ పసుపులోనే ఉంటుంది, చర్మం నారింజలోనే ఉంటుంది, విడదీయడం తేలిక. సాయంత్రపు ఎర్రటి ఎండలో టాక్సీ కూడా నారింజలోకి జారుతుంది. అప్పుడు టాక్సీని నల్లబరచబోతే మొహమూ నల్లబడుతుంది. మీకు జరిగింది ఇదే అయ్యుండాలి. విరుగుడు: ముందు వైట్ బ్యాలెన్స్‌ను 500 నుంచి 800 కెల్విన్ చల్లబరచండి. పసుపు, నారింజ మళ్లీ విడిపోతాయి. ఆ తర్వాతే రంగుల స్లైడర్ల జోలికి వెళ్లండి. నలుపు తెలుపు ఫోటోకు వైట్ బ్యాలెన్స్‌తో పనేముందని వదిలేస్తారు కానీ, మొత్తం ఆట దానిమీదే ఉంది.

కాబట్టి తీసేటప్పుడు చూడాల్సింది: పిల్లలు లేత దుస్తుల్లో ఉంటే టాక్సీని ముదురు బూడిదకు తెచ్చే ఆలోచనతో తీయండి. నల్ల టీషర్టులు, ముదురు జీన్స్ అయితే టాక్సీని తెల్లగా ఉంచండి. ఒకే ఫ్రేములో రెండు రకాలూ ఉంటే కారు మధ్యస్థంగా ఉండనిచ్చి ముదురువాళ్లను కారు ముందు, లేతవాళ్లను కిటికీ చీకటి ముందు దొరకబుచ్చుకోవాలి. చాలా టాక్సీల మీద నీలి పట్టీ, 'నో రిఫ్యూజల్' అన్న రాత కనిపిస్తాయి. నీలం స్లైడర్ తగ్గిస్తే ఆ పట్టీ గట్టి నల్ల గీత అవుతుంది. తలుపు ముందు మనిషి నిలబడితే ఆ గీత నడుముకు అడ్డంగా పోతుంది, చూసుకోండి.

మీరు ఎంచుకున్న రోజులో ఒక పెద్ద ఉచ్చు ఉంది. మనం శ్రీపంచమికి పిల్లల్ని బాసర తీసుకెళ్లి అక్షరాభ్యాసం చేయిస్తాం. బెంగాల్లో ఆ రోజు విద్యార్థులది. స్కూళ్లలో, కాలేజీల్లో సరస్వతీ పూజ, పుష్పాంజలి అయ్యేదాకా ఉపవాసం, ఆ తర్వాత గుంపులుగా వీధుల్లోకి వస్తారు. అబ్బాయిలు పంజాబీ అని పిలిచే కుర్తాల్లో, అమ్మాయిలు 'బసంతీ' రంగు చీరల్లో. బసంతీ అంటే పసుపే. పసుపు టాక్సీ పక్కన పసుపు చీర, రంగులో చూస్తే కళ్లు చెదిరే దృశ్యం. నలుపు తెలుపులో రెండూ ఒకే బూడిద! పసుపు స్లైడర్ ఎటు జరిపినా రెండూ కలిసే నల్లబడతాయి, కలిసే తెల్లబడతాయి.

రంగు విడదీయలేని చోట వెలుతురే విడదీయాలి. మూడు దారులున్నాయి. మొదటిది, టాక్సీ నీడలో, మనిషి ఎండలో ఉన్న చోటు వెతకడం. ఉదయం పది దాటాక వీధికి ఒక పక్క ఎండ, ఒక పక్క నీడ గీత గీసినట్టు ఉంటుంది. నీడలో ఆగిన టాక్సీ పక్కనుంచి ఎండలోకి అడుగు పెట్టే క్షణం కోసం కాచుకోండి. ఆ రెంటి మధ్య మూడు స్టాపుల దాకా (ఒక్కో స్టాపుకు వెలుగు రెట్టింపు) తేడా ఉంటుంది, అంతకంటే ఏం కావాలి. రెండోది, ఎదురు వెలుగు. సూర్యుడు వాళ్ల వెనక ఉంటే చీర అంచులు, జుట్టు చుట్టూ వెలుగు గీత వస్తుంది, టాక్సీ ఇవతలి పక్క ముదురుగా పడిపోతుంది. మూడోది అన్నిటికంటే నమ్మకమైనది: తెరిచిన తలుపు లేదా దించిన కిటికీ. లోపలి చీకటి ముందు పసుపు చీర తెల్లగా వెలుగుతుంది. పైన చెప్పినట్టు కెమెరా నడుము ఎత్తులో ఉంచితే జుట్టు మాత్రం కప్పుపైకి లేచి గోడ మీద పడుతుంది. చీర చీకటి మీద, జుట్టు వెలుతురు మీద. ఈ రెండూ ఒకేసారి దొరికితే ఆ రోజుకు చాలు.

చీర మీద ఎర్ర అంచు ఉంటే ఎరుపు స్లైడర్‌ను తగ్గించి అంచును నల్లగా చేయొచ్చు. పెదవులు కూడా నల్లబడతాయి, అందుకే మైనస్ 20 దాటొద్దు.

వేళల గురించి రెండు మాటలు. జనవరి చివర్లో కోల్‌కతాలో అయిదున్నరకల్లా సూర్యుడు అస్తమిస్తాడు, హైదరాబాద్ కంటే ముప్పావు గంట ముందు. మన అలవాటుతో అయిదింటికి బయల్దేరితే వెలుగు అయిపోతుంది. పొద్దున్నే ఆరున్నరకు పొగమంచులో టాక్సీలు అద్భుతంగా ఉంటాయి కానీ కాలేజీ పిల్లలు ఉండరు. డ్రైవర్లు కార్లు తుడుస్తూ ఉంటారు. మీ వరసకు మూడు నుంచి నాలుగున్నర మధ్య వేళ సరైంది. కాలేజ్ స్ట్రీట్ ఆదివారం బోసిగా ఉంటుంది, పుస్తకాల దుకాణాలు మూసేస్తారు. మామూలు రోజున వెళ్లండి. ప్రిన్సెప్ ఘాట్ దగ్గర సాయంత్రం కుర్రకారు ఎక్కువ, వెనక తెల్లటి స్తంభాలు లేత వెనకతలంగా పనికొస్తాయి.

ఎక్స్‌పోజర్‌లో క్రోమ్‌ను చూసి భయపడకండి. బంపర్ మీద, వీల్ క్యాప్ మీద సూర్యుడి చుక్క కాలిపోవడం సహజం, కాలిపోవాలి కూడా. కాలిపోకూడనిది బానెట్ మీద వెడల్పుగా పరుచుకున్న మెరుపు. అందులో వివరం పోతే రేకు కాగితంలా కనిపిస్తుంది. ఫ్రేములో టాక్సీ సగానికి పైగా ఉంటే కెమెరాలో వెలుగు కొలిచే మీటర్ ఆ పసుపుకు మోసపోయి తక్కువ వెలుగిస్తుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌లో ప్లస్ 2/3 కలపండి. చీకటి లోపలికి చూస్తూ కిటికీలో మొహం తీస్తుంటే మైనస్ 2/3. రా ఫైల్ తీస్తూ కెమెరా తెర మీద నలుపు తెలుపు ప్రివ్యూ పెట్టుకోండి. వీధిలో నిలబడి రంగు మరిచిపోవడానికి ఇంతకంటే మంచి సాధనం లేదు.

పోలరైజర్ (ప్రతిబింబాలు తగ్గించే ఫిల్టర్) తీసుకెళ్లాలా అని చాలామంది తటపటాయిస్తారు. అద్దం మీద ప్రతిబింబం తగ్గిస్తుంది, క్రోమ్ మీద పనిచేయదు, ఎందుకంటే లోహం మీద పడి తిరిగొచ్చే వెలుతురును అది ఆపలేదు. పైగా ఒకటిన్నర, రెండు స్టాపుల వెలుగు మింగేస్తుంది. వదిలేయొచ్చు. ముందు అద్దంలో భవనాలు, తీగలు, ఎదురుగా నడిచే పిల్లలు కనిపించడం ఈ వరసకు బలమే. మీ సొంత నీడ మాత్రం తలుపు మీద పడకుండా కొద్దిగా పక్కకు, ముప్పై డిగ్రీల కోణంలో నిలబడండి.

అసలు ఫోటోలో ఏం జరుగుతోంది అన్న ప్రశ్నకు వస్తే, కారుకు ఆనుకుని చల్లద్దాలు పెట్టుకుని మీవైపు చూసే కుర్రాడు ప్రకటనకు పనికొస్తాడు, ఇక్కడ కాదు. మనిషికీ కారుకూ మధ్య ఏదో ఒక తాకిడి వెతకండి. బిగుసుకున్న తలుపును మోకాలితో నెట్టే అమ్మాయి. పక్క అద్దంలో జుట్టు సర్దుకునే అబ్బాయి. డిక్కీలో డ్రమ్మో, విగ్రహమో ఎక్కించే గుంపు. వెనక సీట్లో ఒకరి ఒళ్లో ఒకరు ఇరుక్కున్న అయిదుగురు. నున్నటి చెయ్యి, ముడతలు పడ్డ రేకు ఒకదాన్నొకటి తాకిన చోట వయసుల తేడా తనంతట తనే కనిపిస్తుంది. ఫోన్ చూసుకునే కుర్రాడి వెనక పాత టాక్సీ అన్నది అందరూ తీసే ఫోటో. పైగా అది నిజం కూడా కాకపోవచ్చు. యాత్రీ సాథీ అనే టాక్సీ బుకింగ్ యాప్‌లో పసుపు టాక్సీలు దొరుకుతాయి. ఆ కుర్రాడు ఫోన్లో పిలిచిన బండి అదే అయ్యుండొచ్చు.

ఇంకో మాట. ఫోటోగ్రాఫర్ రఘుబీర్ సింగ్ మన దేశమంతా తిరుగుతూ అంబాసిడర్ తలుపులు, అద్దాలు, కిటికీలనే ఫ్రేములుగా వాడి తీసిన ఫోటోలు చూడండి. ఆయన పూర్తిగా రంగుల మనిషి, ఈ దేశాన్ని రంగు లేకుండా చూడలేమని వాదించాడు. ఆయన ఫోటోల పక్కన మీవి పెట్టుకుని, రంగు తీసేయడం వల్ల ఏం దొరికిందో ప్రతి ఫోటోనూ అడగండి. ఆకారం, ఉపరితలం, చూపు బలపడితే నలుపు తెలుపు. లేకపోతే ఆ ఒక్కటీ రంగులోనే ఉంచడం నిజాయితీ.

ఎడిటింగ్ వరస: వైట్ బ్యాలెన్స్, తర్వాత పసుపు మైనస్ 15 నుంచి మైనస్ 30 లేదా ప్లస్ 10 నుంచి 25, ఏ వైపన్నది దుస్తులను బట్టి. నారింజ ప్లస్ 10 నుంచి 20, మొహాలు తేరుకుంటాయి. ఏ స్లైడరూ 40 దాటకండి. దాటితే కారు అంచుల వెంట తెల్లటి గీతలు, చదునైన రేకు మీద మరకలు వస్తాయి. టెక్స్చర్ ప్లస్ 25, క్లారిటీ ప్లస్ 15 మాస్క్ వేసి కారుకే ఇవ్వండి. మొహానికి సున్నా. మొత్తం ఫోటోకు క్లారిటీ పెంచితే ఇరవై ఏళ్ల చర్మం కూడా తుప్పు పట్టిన రేకులా తయారవుతుంది, మీ వరస అర్థమే పోతుంది. చక్రం వెనక చీకటి ఒక్కటే పూర్తి నలుపు, క్రోమ్ చుక్క ఒక్కటే పూర్తి తెలుపు. మిగతాదంతా ఆ మధ్యలో ఉండాలి. జనవరి మసకను డీహేజ్‌తో చెరిపేయకండి. వెనక భవనాలను దూరంగా నిలబెట్టేది అదే.

పాత సోడియం దీపాల కింద రాత్రి తీసినవాటిలో ఈ స్లైడర్లు దాదాపు పనిచేయవు. ఆ వెలుతురులో ఉన్నదంతా ఒకే పసుపు కాబట్టి విడదీయడానికి ఏమీ మిగలదు. అక్కడ హెడ్‌లైట్ల ఎదురు వెలుగు మీద ఆధారపడండి.

ఫిల్మ్ కూడా పట్టుకెళ్తే 400 స్పీడు రోల్ చాలు. లేత పసుపు ఫిల్టర్ ఒక స్టాపు తింటుంది, టాక్సీని తెల్లబరుస్తుంది. ఎర్ర ఫిల్టర్ మూడు స్టాపులు తిని మొహాలను సున్నం కొట్టినట్టు చేస్తుంది, వద్దు. ఇంటికొచ్చి డెవలప్ చేసేటప్పుడు ఇంటిపై ట్యాంకులో వేడెక్కిన నీళ్లు నేరుగా వాడకండి. డెవలపర్‌కు 20 డిగ్రీల దగ్గర చెప్పిన సమయంలో 24 డిగ్రీల దగ్గర దాదాపు మూడో వంతు తగ్గించాలి. కడిగే నీళ్లు మరీ వేడిగా ఉంటే పూత ముడతలు పడుతుంది.

మనుషులతో వ్యవహారం: టాక్సీ డ్రైవర్లలో బీహార్ నుంచి వచ్చినవాళ్లు చాలామంది, 'భయ్యా' అని హిందీలో మాట్లాడండి. పిల్లలతో "దాదా, ఏక్‌టా ఛొబి తుల్‌బో?" (అన్నా, ఒక ఫోటో తీయనా?) అంటే చాలు, అమ్మాయిలైతే 'దీదీ'. ముందు తీసి తర్వాత అడిగినా, వద్దంటే వాళ్ల ఎదురుగానే డిలీట్ చేయండి. స్కూలు పిల్లలైతే పక్కనున్న పెద్దవాళ్లను అడగకుండా తీయొద్దు. ఎవరినీ బానెట్ ఎక్కి కూర్చోమనకండి. ఆ రేకు మీద పడే సొట్టకు డబ్బు కట్టేది డ్రైవరే. ఆగి ఉన్న టాక్సీ దగ్గర పావుగంట గడిపితే ఆయనకు బేరం పోతుంది, కాబట్టి అదే టాక్సీ ఎక్కి తర్వాతి చోటికి వెళ్లండి. వెనక సీట్లోంచి దించిన కిటికీ గుండా కాలిబాట మీది పిల్లల్ని తీయొచ్చు. కదులుతుంటే 1/500కు తగ్గకుండా, ఫోకస్ మూడు మీటర్లకు. హౌరా బ్రిడ్జి మీద మాత్రం కెమెరా బ్యాగులో పెట్టేయండి, ఫోటోలు నిషేధమన్న బోర్డులు ఉన్నాయి.